ఎముకల మీద అరచెయ్యి

విద్యాధర్‌కి కాలి నొప్పితో ఆస్పత్రికి వచ్చిన నూకరత్నం మాట మీద రవ్వంత నమ్మకం కూడా కలగలేదు.

కోలాటం ఆడుతుంటే, వెనకాల ఉన్న తోడికోడలు సత్యవతి కావాలనే మడమ మీద కర్రతో కొట్టిందట. టప్పుమని చప్పుడు కూడా వినబడిందట. చూస్తే చర్మం మీద గీత కూడా లేదు. సత్యవతేమో గుమ్మం బయట నిలబడి, "నా పిల్లల మీద ఒట్టండీ, నా కర్ర అక్కని తాకనే లేదు" అని ఒకటే ఏడుపు. ఇంట్లో అప్పుడే వేరు పడదామన్న మాట కూడా వచ్చేసింది.

ఎముకల డాక్టరు పరాంకుశంగారి దగ్గర విద్యాధర్ పని నేర్చుకుంటున్నాడు. ఎక్స్‌రేలు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాడు.

"రెండు కాళ్లకీ తీయించాను సార్. ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. ఇద్దరిలో ఎవరో ఒకరు నాటకమాడుతున్నారు. నాకు పేషెంటు మీదే అనుమానం. కట్టు కట్టి పంపించేయనా?"

పరాంకుశంగారు ఫిల్ములు రెండూ లైటుపెట్టెకి తగిలించారు. చెరో అరచేత్తో ఎముకల్ని కప్పేశారు.

"ఇప్పుడు చదువు."

"ఇంకేం మిగిలింది సార్?"

"మిగిలిందే చదవమంటున్నాను."

విద్యాధర్ విసుగ్గానే వంగి చూశాడు. మంచి కాలి ఫిల్ములో, మడమకి పైన వెనకవైపు, నల్లటి ముక్కోణం ఒకటి అంచులతో సహా తేటగా కనిపిస్తోంది. అక్కడుండే కొవ్వు నీడ అది. రెండో ఫిల్ములో ఆ ముక్కోణం తడిచేత్తో తుడిచిన పలకలా అలుక్కుపోయి ఉంది.

గురువుగారు వెళ్లి నూకరత్నాన్ని బోర్లా పడుకోమన్నారు. మంచి కాలి పిక్క నొక్కారు. పాదం కదిలింది. రెండో పిక్క నొక్కారు. పాదం కదల్లేదు.

విద్యాధర్‌కి తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు.

"పిక్కని మడమకి కలిపే తాడులాంటి పెద్ద నరం తెగినట్టుందమ్మా," అన్నారాయన. "అది దానంతటదే తెగినా, అచ్చం ఎవరో వెనకనుంచి కొట్టినట్టే ఉంటుంది, చప్పుడుతో సహా. స్కాన్ కూడా చేసి చూస్తాం. అందాకా ఆ కాలు నేల మీద మోపకు."

నూకరత్నం గుమ్మం వైపు తిరిగింది.

"సత్తీ, లోపలికి రావే. నా నోరు మంచిది కాదు."

సత్యవతి వచ్చింది. మూతి బిగించుకునే, అక్క కాలి కింద దిండు సర్దింది.

వరండాలోకి వచ్చాక విద్యాధర్ మెల్లగా అడిగాడు.

"ఇలాంటప్పుడు ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి సార్?"

"ఇద్దర్నీ," అన్నారు పరాంకుశంగారు.