రెండు వందల కుర్చీలు

సామ్రాజ్యమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు చెప్పుల కోసం వెతుక్కునేది. కూచున్నచోట జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. బెజవాడ కొండల మీది బస్తీల్లో నలభై రెండేళ్ళు తిరిగిన మనిషి. ఇళ్ళ పట్టాలనీ, మురుగుకాల్వలనీ, వీధి దీపాలనీ ఆవిడ చెయ్యని ధర్నా లేదు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ముగ్గురు కార్పొరేటర్లయ్యారు. ఆవిడ మాత్రం ఒక్క ఎన్నికలోనూ పోటీ చెయ్యలేదు. అదేంటమ్మా అని అడిగితే, ఇదిగో, చెప్పుల కోసం వెతుక్కునేది.

ఆఖరి శిష్యుడు ప్రభుదాసు. ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి మూడేళ్ళుగా ఆవిడ వెంట తిరుగుతున్నాడు. మంచివాడు, కష్టపడతాడు, మైకు లేకపోయినా గొంతు ఖంగుమంటుంది. ఆ గొంతంటే అందరికన్నా అతనికే ఎక్కువ ముచ్చట. వచ్చిన చిక్కల్లా అదొక్కటే.

రాళ్ళమిట్ట అని ఒక కొండ. కింది వరసల ఇళ్ళకి పొద్దున రెండు గంటలు కుళాయి వస్తుంది. పైన ఉన్న తొంభై ఇళ్ళకి చుక్క రాదు; అక్కడి ఆడవాళ్ళు రెండు వందల అరవై మెట్లు బిందెలు మోసుకుంటూ బతుకుతున్నారు. ప్రభుదాసు ఏడాదిన్నర కాళ్ళరిగేలా తిరిగాక మునిసిపల్ ఇంజనీరు నీళ్ళు పైకి తోడే మోటారు ఒకటి ఇస్తానన్నాడు. కానీ ఒక మెలిక పెట్టాడు. కిందివాళ్ళు తమ నీళ్ళలో అరగంట పైకి వదలడానికి ఒప్పుకోవాలి, ఆ మాట వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి. "మంగళవారం వస్తాను. గొడవలుంటే మోటారు ఇంకో కొండకి పోతుంది" అన్నాడు.

ప్రభుదాసు ఆదివారం సభ పెట్టాడు. కష్టం ఉన్నచోటే సభ ఉండాలని కొండ కొసన చర్చి ముందు చదును మీద పెట్టాడు. టెంటుహౌసు కుర్రాళ్ళ చేత రెండు వందల కుర్చీలు పైకి మోయించాడు, మైకు కట్టించాడు, ఇంటింటికీ కరపత్రం పంచాడు. పదింటికి సభ అంటే పదకొండుకి కూడా వచ్చింది ముప్పై ఒక్కరు. ముప్పై ఒక్కరూ పైవాళ్ళే, అంటే ఒప్పించాల్సిన పనే లేనివాళ్ళు. కింది నుంచి పురుగు కూడా రాలేదు. అయినా మనవాడు వదిలిపెట్టలేదు, ఖాళీ కుర్చీల వంక చూస్తూ నలభై నిమిషాలు మాట్లాడాడు. ముందు వరసలో కూచున్న లూర్దమ్మ చివరిదాకా ఓపిగ్గా విని, "చక్కగా చెప్పావు బాబూ. మాకు తెలియందేవుంది గానీ" అంది. అతనికి ఏడుపొక్కటే తక్కువైంది.

మధ్యాహ్నానికి మొహం వేలాడేసుకుని సామ్రాజ్యమ్మ ఇంటికి చేరాడు. ఆవిడ గడప దగ్గర కూచుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"పెద్దమ్మా, కష్టం లేనివాళ్ళని కష్టంలో ఉన్నవాళ్ళ పక్కన కూచోబెట్టడం ఎలా?" అని అడిగాడు. దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్న అది.

"కుర్చీలెక్కడున్నాయి?" అంది ఆవిడ.

"పైనే ఉన్నాయి. మోసిన కుర్రాళ్ళు ఇంకెక్కడో పెళ్ళి పందిరి వెయ్యడానికి వెళ్ళిపోయారు."

"ఎన్నింటికి ఇచ్చెయ్యాలి?"

"అయిదింటికి. టెంటుహౌసు ఆయనకి రిసెప్షనుందిట."

"మరింకా ఇక్కడ కూచున్నావేం?" అని ఆవిడ చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి చెప్పులు వెతుక్కుంది.

ఆటోలో ప్రభుదాసుకి ఒళ్ళు మండిపోయింది. ఉద్యమం గురించి అడిగితే ఈవిడ కుర్చీల గురించి అడుగుతుందేమిటి? ముసలితనం వచ్చేసింది, ఇంక ఈవిడ దగ్గర నేర్చుకునేది ఏమీ లేదు, మంగళవారంతో అన్నీ మానేసి మళ్ళీ బడికి పోవడమే మేలు అని కూడా అనుకున్నాడు, పాపం.

కొండ కింద మొదటి మెట్టు పక్కనే మంగతాయారు ఇడ్లీ బండి ఉంది. కింది వరసలన్నిటికీ ఆవిడ మాటే మాట. కరపత్రం ఇవ్వబోతే, "మా నీళ్ళకే ఎసరు పెడతావా?" అని ప్రభుదాసు మొహం మీదే చింపేసిన మనిషి కూడా ఆవిడే. సామ్రాజ్యమ్మ తిన్నగా వెళ్ళి ఆ బండి ముందు బల్ల మీదే కూలబడింది.

"నీళ్ళ సంగతైతే నేను మాట్లాడనండీ" అంది మంగతాయారు ముందుగానే.

"నీళ్ళ మాట నేనెత్తానా తల్లీ? ఈ మహానుభావుడు రెండు వందల కుర్చీలు కొండెక్కించాడు. దింపే దిక్కు లేదు. అయిదింటికల్లా ఇవ్వకపోతే అవతల పెళ్ళివారు నిలబడి భోంచెయ్యాలి. నావి చూస్తే డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు. నువ్వు ఓ చెయ్యి వేస్తే గానీ గట్టెక్కం."

మంగతాయారు ప్రభుదాసుని ఎగాదిగా చూసింది. "రెండు వందలా! ఎవరొస్తారనుకున్నావయ్యా పంతులూ, ముఖ్యమంత్రా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. బండి దగ్గర తింటున్నవాళ్ళూ నవ్వారు. ప్రభుదాసు ఏదో చెప్పబోతే సామ్రాజ్యమ్మ అతని మోచేయి నొక్కి, "ఇవాళ్టికి నోటికి సెలవివ్వు నాయనా" అంది.

నవ్వినవాళ్ళకి సాయం చెయ్యక తప్పుతుందా! మంగతాయారు పొయ్యి ఆర్పేసి కొంగు బిగించింది. "రండ్రా, మనిషికి రెండు తెచ్చుకుంటే చాలు, పంతులు పరువు దక్కుతుంది" అని గుమ్మం గుమ్మానికీ కేకేసింది. ఆదివారం పూట తోచక ఉన్న జనం. ఈ వింత చూద్దామని ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. మొదటి యాభై మెట్లూ ప్రభుదాసు మీద హాస్యాలు. వంద దాటేసరికి హాస్యాలు తగ్గాయి. నూట యాభై దగ్గర మాట వినపడలేదు, రొప్పు తప్ప. రెండు వందల దగ్గర మంగతాయారు గోడ పట్టుకుని నిలబడిపోయి, "ఇంకెంతుందే ఈ కొండ?" అంది. పదకొండేళ్ళ కిందట లూర్దమ్మ కూతురి పెళ్ళికి వచ్చిందిట, మళ్ళీ ఇదే రావడం.

చదును మీదికి చేరిందే తడవు, మంగతాయారు కనపడ్డ మొదటి కుర్చీలో కూలబడింది. వెనక వచ్చినవాళ్ళూ, అందరికన్నా ఆఖరున మోకాళ్ళు పట్టుకుంటూ చేరిన సామ్రాజ్యమ్మా అంతే. కుర్చీ ఎత్తడానికి ఒక్కరికీ ఓపిక లేదు. పది, ముప్పై, డెబ్భై కుర్చీలు నిండాయి. కొండ కొసకి చుట్టాలొచ్చారని పైవాళ్ళు చెంబులతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. లూర్దమ్మ ఇచ్చిన చెంబు మంగతాయారు గటగటా తాగేసింది. రెండో చెంబు సగం తాగి, మిగతాది మొహాన చల్లుకుంది. ఇసకలో ఇంకిపోతున్న ఆ నీళ్ళని లూర్దమ్మ చూసింది. ఆ చూపు మంగతాయారు కంట పడింది.

"మీ పంపెక్కడ వదినా?" అంది, చెంబు ఒళ్ళో పెట్టుకుని.

"మీ ఇంటి ముందుదేగా" అంది లూర్దమ్మ. "రోజూ చూస్తూనే ఉన్నావుగా. ఎనిమిది బిందెలు."

మంగతాయారు తను ఎక్కి వచ్చిన మెట్ల వంక చూసింది. "మలుపు తిరిగేదాకా చూస్తాను" అంది. "ఆ తర్వాత నువ్వు కనపడవు గదా. అక్కడితో అయిపోయిందనుకున్నాను." అంతలోనే కోపం ముంచుకొచ్చి ప్రభుదాసు మీద విరుచుకుపడింది. "ఏవయ్యా, ఊరికే కాయితాలు పంచకపోతే, ఈ మాట చెప్పి చావొచ్చుగా!"

ఆ మాటే పొద్దున నలభై నిమిషాలు చెప్పాడు. కరపత్రంలో మూడుచోట్ల అచ్చు వేయించాడు. నోరు తెరిచాడు గానీ, సామ్రాజ్యమ్మ చూపు తగిలి మూసేసుకున్నాడు. అతని జన్మలో అంత కష్టపడి మింగిన మాట ఇంకోటి లేదు.

తర్వాతంతా వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. పొద్దున అరగంట వదిలితే పిల్లల బడికి ఆలస్యమవుతుందని ఒకాయన లేచాడు. పొద్దున వద్దు, సాయంత్రం కూడా నీళ్ళిమ్మని ఇంజనీరునే నిలదీద్దాం, అప్పుడు ముప్పావు గంట వదులుదాం అంది ఇంకొకావిడ. ఇంజనీరు కుదరదంటే? "అప్పుడు పొద్దుటిదే అరగంట వదులుదాం, బడికి కాస్త ఆలస్యమైతే కొంప మునగదు. మంగళవారం ఆయనతో నేను చెబుతాను, ఇక్కడికే రమ్మనండి, నడిచి రమ్మనండి!" అంది మంగతాయారు, చప్పట్ల మధ్య. మైకు మూగగా నిలబడే ఉంది. దాని ఊసు ఎవరికీ రాలేదు.

నాలుగున్నరకి పైవాళ్ళూ కిందివాళ్ళూ కలిసి కుర్చీలు ఎత్తారు. ప్రభుదాసు నాలుగు కుర్చీలు తలకెత్తుకుని దిగుతూ ఉంటే, ఎనభయ్యో మెట్టు మీద సామ్రాజ్యమ్మ కూచుని అలుపు తీర్చుకుంటోంది. అతను ఆగాడు. నెత్తిన బరువు, ఒళ్ళంతా చెమట, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, పొద్దున నేను గొంతు చించుకుని పిలిస్తే ఒక్కరూ రాలేదు. ఇదే జనం. ఇవే కుర్చీలు. ఇప్పుడెలా వచ్చారు?"

"పొద్దున నువ్వు పిలిచింది వినేవాళ్ళని కదరా, నేను పిలిచింది చెయ్యి వేసేవాళ్ళని" అంది సామ్రాజ్యమ్మ. కాస్త పక్కకి జరిగి అతనికి దారి ఇచ్చింది. "పైన ఇంకా నలభై ఉన్నాయిట. అవి దించేసి మళ్ళీ రా."