కాటమన్న కార్డులో రెండు కొమ్ములు

అనగనగా ఒక అడవిలో ఒక పంచాయతీ ఉండేది. అడవిలో పంచాయతీ ఏమిటని అప్పుడే నోళ్ళు తెరవకండి. మన ఊరికి ఉన్నప్పుడు వాళ్ళకు ఉంటే తప్పేముంది? ఆ అడవి పేరు ఇప్పకోన. ఆ పంచాయతీకి సర్పంచి భద్రమ్మ అనే ముసలి ఏనుగు. మాట నెమ్మది, మనసు పెద్దది, చెవులు సరేసరి.

ఇప్పకోనలో ఒక మడుగు ఉండేది. ఎండాకాలం వస్తే వాగులన్నీ ఎండిపోయేవి, ఆ మడుగు ఒక్కటే మిగిలేది. ఒక ఏడాది కొండ అవతలి నుంచి జంతువులు మందలు మందలుగా వచ్చిపడ్డాయి. తాగినంత తాగి, మిగిలిన దాంట్లో దొర్లి, బురద చేసి పోయాయి. మీది ఏ ఊరు అని అడిగితే అందరూ "మాది ఇప్పకోనే" అనేవాళ్ళే! ఆ ఏడు ఇప్పకోన జంతువులు పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

అందుకని భద్రమ్మ పంచాయతీ పెట్టింది.

"మనవాళ్ళకి నీళ్ళు అందాలి. అందరికీ గుర్తింపు కార్డులు ఇద్దాం" అంది.

అందరూ "ఇద్దాం, ఇద్దాం" అన్నారు. వడ్రంగిపిట్టకి పని పడింది. అది ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, టేకు చెక్క ముక్క మీద టకటకా పొడిచి బొమ్మ చెక్కేది. చెక్కిన బొమ్మకి పంచాయతీ గుర్తుగా భద్రమ్మ కాలిముద్ర ఒకటి వేసి మెడలో కట్టేవారు.

అబ్బ, ఆ రోజుల్లో చూడాలి ఆ అడవిని! పెళ్ళి ఇంట్లో ఉన్నంత సందడి. "కొంచెం సన్నగా చెక్కవే" అని ఎలుగుబంటి బతిమాలింది. దుప్పి తన కొమ్ములు మొత్తం పట్టలేదని అలిగి, పెద్ద చెక్క తెప్పించుకుంది. కోతి ఒక్క క్షణం కదలకుండా కూర్చోలేదు. దాని కార్డులో రెండు తోకలు వచ్చాయి. మడుగులోని తోకకప్ప కూడా గట్టు దగ్గరికి వచ్చి, నీళ్ళలోంచే ముఖం చూపించి కార్డు చేయించుకుంది.

ఇక కాపలా. మడుగుకి వెళ్ళాలంటే రెండు బండల మధ్య సందులోంచి వెళ్ళాలి. అక్కడ నిలబడి కార్డులు చూడటానికి తెల్లకొంగ పున్నయ్యని పెట్టారు. గంటల తరబడి ఒంటికాలి మీద నిలబడగలిగేవాడు ఇంకెవరున్నారు?

పున్నయ్యకి ఒక ప్రాణ స్నేహితుడు ఉన్నాడు. అతను అడవిదున్న కాటమన్న. కొండంత మనిషి. మనిషి కాదులే, దున్న. పున్నయ్య రెక్కలు వచ్చిన నాటి నుంచీ కాటమన్న వీపు మీదే పెరిగాడు. కాటమన్న గడ్డి మేస్తుంటే పున్నయ్య వీపు మీద కూర్చుని, ఒంటిని పట్టుకుని నెత్తురు పీల్చే గోమార్లను ఏరి తినేవాడు. ఒకరికి కడుపు నిండేది, ఒకరికి దురద తీరేది.

"కాపలా ఉద్యోగం వచ్చింది కాటమన్నా!" అని పున్నయ్య ఎగురుకుంటూ వచ్చి చెప్పాడు.

"మంచిది తమ్ముడూ. నా వీపు కాస్త బోసిపోతుంది, అంతే" అని నవ్వాడు కాటమన్న.

మొదట్లో పున్నయ్య పని భలేగా చేశాడు. ఒకరోజు కొండ అవతలి నక్క ఒకటి అడవిపంది కార్డు మెడలో వేసుకుని వచ్చింది.

"ఏం బావా, బాగున్నావా?" అంది.

పున్నయ్య కార్డు చూశాడు, నక్కని చూశాడు.

"ఈ కార్డులో కోరలున్నాయి. నీకేవి?" అన్నాడు.

"అరిగిపోయాయి బావా."

"ముక్కు కూడా అరిగిందా?"

నక్క తోక ముడిచి పరిగెత్తింది. అడవంతా పున్నయ్యని మెచ్చుకుంది. భద్రమ్మ కూడా తొండంతో వీపు తట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. పున్నయ్య తల కొంచెం పైకి లేచింది. అసలే పొడుగు మెడ, ఇంక చెప్పాలా! ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ముఖం వంక చూడటం మానేశాడు. ముందు కార్డు, తర్వాతే ఎవరైనా.

ఎండలు ముదిరాయి. నడవలేని ముసలివాళ్ళకి కార్డులు ఇవ్వాలని భద్రమ్మ, వడ్రంగిపిట్ట అడవి ఆ చివరికి బయలుదేరారు. వెళ్తూ భద్రమ్మ, "మనవాళ్ళు జాగ్రత్త నాయనా" అంది. పున్నయ్య "కార్డులు జాగ్రత్తగా చూస్తానమ్మా" అన్నాడు. ఆమె చెప్పింది ఒకటి, ఇతను విన్నది ఒకటి. మీరు కూడా అప్పుడప్పుడు ఇలాగే వింటారు, నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే కోతి వచ్చింది.

"కార్డులో రెండు తోకలున్నాయి. రెండోది ఏది?" అన్నాడు పున్నయ్య.

"ఓరి నాయనో! నాకు పుట్టినప్పటి నుంచీ ఒకటే తోక!"

"అయితే ఈ కార్డు నీది కాదు. పక్కకి జరుగు."

తర్వాత దుప్పి వచ్చింది. దాని తల బోడిగా ఉంది.

"కొమ్ములేవి?"

"రాలిపోయాయి పున్నయ్యా. ఏటా రాలతాయి, ఏటా మొలుస్తాయి. నీకు తెలియనిదా?"

"నాకు తెలుసు. కార్డుకి తెలియదు. మొలిచాక రా."

ఆ తర్వాత ఒక చిన్న కప్ప గెంతుకుంటూ వచ్చింది. మన తోకకప్పే! తోక పోయి కాళ్ళు వచ్చాయన్న సంబరంతో పొద్దున్నే మడుగులోంచి బయటికి గెంతి, లోకం చూసి వెనక్కి వస్తోంది.

"కార్డులో తోక ఉంది, కాళ్ళు లేవు. నీకు కాళ్ళున్నాయి, తోక లేదు" అన్నాడు పున్నయ్య.

"నేను పుట్టిందే ఈ మడుగులో! మా అమ్మ లోపలే ఉంది!"

"ఉండొచ్చు. కార్డు ఒప్పుకోవాలిగా."

ముగ్గురూ వెళ్ళి నేరేడు చెట్టు నీడలో కూర్చున్నారు. భద్రమ్మ ఎప్పుడొస్తుందా అని దారి చూడసాగారు.

మిట్టమధ్యాహ్నం అయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. అప్పుడు వచ్చాడు కాటమన్న. నోట్లోంచి నురగ కారుతోంది. కాళ్ళు తడబడుతున్నాయి. ఒళ్ళంతా దుమ్ము. ఎడమ కొమ్ము సగానికి విరిగిపోయి ఉంది.

"తమ్ముడూ, గొంతు ఎండిపోయింది. దారి ఇవ్వు" అన్నాడు.

పున్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. కానీ అలవాటు కొద్దీ కళ్ళు కార్డు మీదికే వెళ్ళాయి. అందులో నిగనిగలాడే రెండు కొమ్ములు.

"కొమ్ము ఏమైంది?" అన్నాడు.

"విరిగింది."

"కార్డులో రెండున్నాయే!"

కాటమన్న ఎర్రబడ్డ కళ్ళతో అతని వంక చూశాడు. "ఇన్నేళ్ళు నా వీపు మీద కూర్చున్నావు. నన్ను గుర్తుపట్టలేదా పున్నయ్యా?"

"గుర్తుపట్టాను అన్నా. కార్డే గుర్తుపట్టడం లేదు. పొద్దున్నుంచి ముగ్గురిని ఆపాను. ఇప్పుడు నిన్ను వదిలితే, నా స్నేహితుడు కాబట్టి వదిలానని అనరూ?"

కాటమన్న ఒక్కసారి తల విసిరితే ఆ కొంగ ఏ కొండ మీదో పడేది. కానీ అతను విసరలేదు.

"నేను తోసుకుని వెళ్తే రేపు నక్క కూడా తోసుకుని వెళ్తుంది" అని గొణిగి, అక్కడే ఎండలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పున్నయ్య మనసు విలవిల్లాడింది. అయినా మెడ నిటారుగానే పెట్టాడు. తప్పు చేస్తున్నామని లోపల తెలుస్తూనే ఉంటుంది పిల్లలూ. ఆ మాట వినడానికి మెడ కాస్త వంచాలి.

కాసేపటికి పున్నయ్యకి కూడా దాహం వేసింది. నీళ్ళు తాగుదామని మడుగు వైపు తిరిగాడు.

"ఆగు!" అని నేరేడు చెట్టు కింద నుంచి కప్ప అరిచింది. "కార్డు చూపించి తాగు!"

"నాకే చెబుతావా!" అని పున్నయ్య తన కార్డు ముందుకు చాపాడు. "చూసుకో. తెల్లటి కొంగ. టేకు చెక్కకి సున్నం పూసి మరీ చేసింది వడ్రంగిపిట్ట."

"కొంగ తెల్లగానే ఉంది. మరి నువ్వు?" అంది కప్ప.

పున్నయ్య నీళ్ళలోకి తొంగిచూశాడు. తల, మెడ, రొమ్ము అన్నీ పసుపూ కుంకుమా కలిపి పూసినట్టు ఎర్రటి పసుపు రంగులో ఉన్నాయి! వానలు దగ్గర పడితే ఆ జాతి కొంగలకి ఏటా వచ్చే రంగే అది. ఉద్యోగం హడావిడిలో పున్నయ్య ఆ సంగతే మరిచిపోయాడు. తన తల తనకు కనబడదు కదా!

"తెల్లకొంగని లోపలికి పంపిస్తాం. ఈ రంగుకొంగ ఎవరో మాకు తెలియదు" అని కోతి కిచకిచలాడింది.

"నేనే! పున్నయ్యని!"

"కార్డు ఒప్పుకోవాలిగా" అంది కప్ప.

దుప్పి కూడా నవ్వేసింది. పున్నయ్య రెక్కతో రొమ్ము రుద్దుకున్నాడు, రంగు పోలేదు. అందరి వంకా చూశాడు. "నేను నేనేనని ఒక్కరైనా చెప్పండయ్యా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

ముగ్గురూ ముఖాలు తిప్పుకున్నారు.

అప్పుడు ఎండలో పడి ఉన్న కాటమన్న తల ఎత్తకుండానే అన్నాడు:

"నేను చెబుతాను. అతను పున్నయ్యే. నా కుడి చెవి వెనక గోమారు పడితే, ముందు ముక్కుతో మెల్లగా తడతాడు. నొప్పి పుడుతుంది ఓర్చుకో అని చెప్పడానికి. ఆ తర్వాతే పొడుస్తాడు. ఈ అడవిలో అలా తట్టేది ఒక్కడే. తాగనివ్వండి వాణ్ణి."

అంత చెప్పి కళ్ళు మూశాడు.

పున్నయ్య ఇంక నీళ్ళు తాగలేదు. "అన్నా! లే అన్నా! నాది తప్పు, లోపలికి రా!" అని ఏడుస్తూ చుట్టూ ఎగిరాడు. కాటమన్న లేవడానికి చూశాడు, కాళ్ళు సహకరించలేదు.

"కోతి బావా! దుప్పీ! కప్ప తల్లీ! రండి, కార్డులు గీర్డులు తర్వాత!" అని అరిచాడు పున్నయ్య.

అందరూ ఉరికారు. కోతి మోదుగాకులతో దొప్పలు కుట్టి నీళ్ళు మోసుకొచ్చింది. పున్నయ్య ముక్కుతో తెచ్చి కాటమన్న పెదవుల మీద చుక్క చుక్కా వదిలాడు. దుప్పి మడుగులో దొర్లి వచ్చి, తడి ఒంటితో అతనికి ఎండ తగలకుండా అడ్డం నిలబడింది. కప్ప నిలువునా తడిసి వచ్చి కాటమన్న ముక్కు మీద కూర్చుంది. చల్లగా ఉంటుందని దాని ఉద్దేశం. కాటమన్నకి గట్టిగా తుమ్ము వచ్చింది. కప్ప ఎగిరి దూరంగా పడింది.

ఆ తుమ్ముతో కాటమన్న కళ్ళు తెరిచాడు. మెల్లగా లేచాడు. ఒక్కో అడుగే వేసి మడుగులో దిగాడు. కడుపు నిండా తాగి, "అమ్మయ్య!" అన్నాడు. ఆ మాటకి పున్నయ్య ఎంత సంతోషించాడో నేను చెప్పలేను.

సాయంత్రానికి భద్రమ్మ తిరిగి వచ్చింది. ఆమె తొండంలో ఏదో ఉంది.

"మన దారికి అడ్డంగా నిన్న గాలికి పెద్ద టేకుమాను పడిందట. పొద్దున్నే ఎవరో ఒంటరిగా దాన్ని పక్కకి నెట్టేశారు. లేకపోతే సగం అడవికి మడుగుకి దారే లేదు. ఆ మానులో ఇది ఇరుక్కుని ఉంది. ఎవరిది?" అంది.

అది విరిగిన కొమ్ము ముక్క.

పున్నయ్య తల నేలకి ఆనింది. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. "నన్ను కాపలా నుంచి తీసేయమ్మా. ఈ కార్డులు కూడా తీసేయండి" అన్నాడు.

"కార్డు ఏం చేసింది నాయనా? నక్కని పట్టించింది కూడా అదే కదా" అంది భద్రమ్మ. "మనవాళ్ళకి నీళ్ళు అందాలని ఇచ్చాం. మనవాళ్ళని ఆపడానికి కాదు. ఇక నుంచి బొమ్మ సరిపోలకపోతే ఇరుగుపొరుగుని అడుగు. వాళ్ళ మాట చాలు. ఏటా వానలకి ముందు పాత బొమ్మలు మార్చి కొత్తవి చెక్కిద్దాం. దాహంతో వచ్చినవాడు ఎవరైనా సరే, ముందు నీళ్ళు, తర్వాతే కార్డు. కాపలాకి మాత్రం నువ్వే ఉండు."

"ఏటా చెక్కాలా? నా ముక్కు ఏమైపోవాలి!" అంది వడ్రంగిపిట్ట. అందరూ గొల్లున నవ్వారు.

మర్నాడే నక్క అదే అడవిపంది కార్డుతో మళ్ళీ వచ్చింది. ఈసారి ముఖానికి బురద పూసుకుంది. "బావా, నా ముఖం మారింది" అంది.

"నీ ఇరుగుపొరుగు ఎవరు?" అన్నాడు పున్నయ్య.

నక్క నీళ్ళు నమిలింది. చివరికి, "నాది కొండ అవతల. దాహంగా ఉంది" అని నిజం చెప్పేసింది. పున్నయ్య దొప్పలో చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నక్క తాగి, సిగ్గుపడి, మొదటిసారి దండం పెట్టి వెళ్ళింది.

కాటమన్నకి కొత్త కార్డు వచ్చింది. అందులో ఒకటిన్నర కొమ్ములున్న దున్న ఉంది. దాని వీపు మీద ఒక చిన్న కొంగ కూడా ఉంది.

"నీ కార్డులో నేనెందుకు అన్నా?" అన్నాడు పున్నయ్య.

"కొమ్ము విరగొచ్చు, ముఖం ముడతలు పడొచ్చు. నువ్వు నా వీపు మీద ఉంటే, 'నువ్వెవరు?' అని నన్ను ఎవరు అడుగుతారురా?" అన్నాడు కాటమన్న.

పున్నయ్య ఎగిరి వెళ్ళి కాటమన్న వీపు మీద కూర్చుని, కుడి చెవి వెనక ముక్కుతో మెల్లగా తట్టాడు.

నీతి: మనవాళ్ళకి మేలు చేయడానికే కార్డు. కార్డు చూడు, కానీ దాన్ని పట్టుకున్నవాడి ముఖం కూడా చూడు.