పడుకున్నవాళ్ళని లేపని ఊరు

ఇటు జరుగు అమ్మడూ, నా పక్కకి. ఆ తలుపు వంక అలా చూడకు. అమ్మ పడుకుంది, అంతే. ఆసుపత్రిలో మందు ఎక్కించిన రోజు అలాగే మగతగా ఉంటుంది, నీకు తెలీనిదేముంది?

ఏంటీ? "క్యాన్సరు పోయిందని పోయిన ఏడు అందరికీ లడ్డూలు పంచారుగా, మళ్ళీ ఎలా వచ్చింది" అంటావా? మీ నాన్నని అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయాడా? ఆయనేం చెబుతాడు పాపం. నేను చెబుతాలే. కానీ ఇది భయం కథ. మధ్యలో దుప్పటి ముసుగెట్టుకున్నావంటే ఆపేస్తా, ముందే చెబుతున్నా.

అనగనగనగా, తుంగ మొలిచే మడుగు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ చాపలు అల్లేవాళ్ళే. తుంగ కోసుకొచ్చి, చీల్చి, ఎండబెట్టి, రంగులద్ది అల్లేవాళ్ళు. వాళ్ళకో పట్టింపు ఉండేది. చాప మీద పడుకున్న మనిషిని ఎవ్వరూ లేపకూడదు. లేపితే ఆ చాప అల్లిన చేతికి అవమానమట. ఒకసారి దొంగ వెధవ ఒకడు వచ్చి, చాప మెత్తగా ఉందని నడుం వాల్చాడు. ఊరంతా కర్రలు పట్టుకుని వాడి చుట్టూ కూర్చుంది, వాడు లేచేదాకా. లేచాక తన్నారనుకో. నవ్వుతావేం, అంత పట్టింపు వాళ్ళకి.

ఆ ఊళ్ళో గండి అని ఒక ముసలమ్మ ఉండేది. పరాయిది కాదు. ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. ఆ ఊళ్ళోనే పుట్టింది, ఆ నీళ్ళే తాగింది, అందరిలాగే చాపలల్లింది. ఒకరోజు దానికేం పుట్టిందో ఏమో, అల్లిక మర్చిపోయింది. ఆ తర్వాత ఆపడం మర్చిపోయింది. తిండి మొదలెడితే ఆపదు. పిల్లల్ని కనడం మొదలెడితే ఆపదు. పొద్దున ఒకణ్ణి కంటే సాయంత్రానికి గంపెడు.

ఆ పిల్లలు పిల్లలా? రాక్షస మూక! పని రాదు, తిండి ఒక్కటే వచ్చు. ముందు గాదెల్లో ధాన్యం తినేశారు. ఆ తర్వాత మడుగులో తుంగంతా మేసేశారు. ఆ తర్వాత ఇళ్ళలోకి దూరి కంచాల ముందు కూర్చున్నారు. వీరనాగమ్మ అని ఒకావిడ ఉండేది, దాని కూతురు పైడి, అచ్చం నీ ఈడుది. ఆ పిల్ల నోటి దాకా తెచ్చుకున్న ముద్ద కూడా లాక్కున్నారు. పైడి చిక్కి పుల్లయిపోయింది. వీరనాగమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఇది నాకు దక్కుతుందా అని వణికిపోయింది.

అప్పుడు వైద్యుడు బసవయ్య ఒక చేదు కషాయం కాచాడు. ఊరి బావిలో పోశాడు. "ఇది తాగితే ఆ మూక చస్తుంది. కానీ ఉన్నది ఒకటే బావి. మీరూ తాగక తప్పదు. వాంతులవుతాయి, జుట్టు రాలుతుంది. ఓర్చుకోండి" అన్నాడు.

అందరూ ఓర్చుకున్నారు. పైడి జుట్టంతా రాలిపోయింది. అవును, అమ్మకి రాలినట్టే. కానీ ఆ మూక కూడా ఎక్కడివాళ్ళక్కడ పడిపోయింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. డప్పు కొట్టి "పీడ వదిలింది" అని చాటింపు వేశారు.

ఆ సాయంత్రం వీరనాగమ్మ చాపల కొట్టంలోకి వెళ్ళింది. మూలన ఎవరో ముసలమ్మ, మొహం మీద కొంగేసుకుని పడుకుని ఉంది. కషాయం పడక పడుకుంది కాబోలు అనుకుంది ఈ పిచ్చిది. లేపకూడదు కదా! చలేస్తుందేమోనని తన ఎర్రంచు దుప్పటి తెచ్చి కప్పి, చప్పుడు చెయ్యకుండా వచ్చేసింది.

ఎవరో నీకు తెలిసిపోయిందా? ఆఁ, అదే. దాని మొహం మండ! పిల్లలు తాగుతుంటే అది గుర్రు పెట్టి పడుకుంది. పడుకున్నది నీళ్ళు తాగుతుందా? తాగనిదాన్ని మందేం చేస్తుంది?

వానలు వెలిశాయి. అప్పుడు గండి లేచి, ఒళ్ళు విరుచుకుంది. మళ్ళీ గంపెడు పిల్లలు. మళ్ళీ కంచాల ముందు కూర్చున్నారు.

బసవయ్య మళ్ళీ కషాయం పోశాడు. ఈసారి గండి మెలకువగానే ఉంది. తాగింది కూడా. కానీ మింగలేదే! బుగ్గన పట్టి, గోడవతలికి వెళ్ళి తుపుక్కున ఉమ్మేసింది. పిల్లలకీ నేర్పింది. ఏదో కొంతమంది చచ్చారు, మిగతావాళ్ళు ఉమ్ముకుంటూ తిరిగారు. మింగింది ఎవరూ అంటే మన పైడి లాంటివాళ్ళు. ఆ పిల్ల మంచం దిగలేకపోయింది.

ఊళ్ళోవాళ్ళు మూడోసారి వెళ్ళి బసవయ్య కాళ్ళ మీద పడ్డారు. ఆయన పైడి చెయ్యి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఇంకా ఘాటుగా కాచి పోస్తే, ఆ మూక సంగతేమో గానీ ఈ పిల్ల తట్టుకోలేదు" అన్నాడు.

ముసుగు తియ్యవే. తియ్యి. నా చెయ్యి పట్టుకో. ఆఁ, అలా.

వీరనాగమ్మ ఏడుస్తూ చాపల కొట్టంలోకి వెళ్ళింది. తన ఎర్రంచు దుప్పటి అక్కడే పడుంది. కింద చాప మనిషి ఒరిగిన మేర నలిగి ఉంది. ఆ నలిగిన చోటంతా తెల్లటి పాలపళ్ళు, అక్కడే పుట్టిన గండి పిల్లలవి. ఆ రోజు అక్కడ పడుకున్నది గండేనని అప్పుడు తెలిసింది వీరనాగమ్మకి. "అయ్యో, నా చేతుల్తో నేనే కప్పానే" అని నెత్తి కొట్టుకుంది.

పరుగున వెళ్ళి ఊరి పెద్దకి చెప్పింది. "పిల్లల్ని ఎంతమందిని చంపినా లాభం లేదు. పడుకున్న తల్లిని లేపాలి" అంది. ఆయన చెవులు మూసుకున్నాడు. "చాప మీద పడుకున్నదాన్ని లేపుతావా? మన తాతముత్తాతల నాటి కట్టు తప్పుతావా?" అన్నాడు. "తప్పుతా. నా పిల్ల పోతుంటే నాకు కట్టేమిటి?" అంది వీరనాగమ్మ.

అప్పుడు బసవయ్య చిన్న చెంబులో కషాయం పోసి దాని చేతికిచ్చాడు. "ఇది ఒక్క నోటికి సరిపోతుంది. నోరు తప్పిందో, మళ్ళీ కాచడానికి నా దగ్గర మూలికలు లేవు" అన్నాడు.

గండి ఎక్కడుందో తెలుసా? చెంబులో కషాయం వాసన తగలగానే మళ్ళీ నిద్రలోకి దూరింది. ఈసారి ఊళ్ళో ముసలమ్మల మధ్య పడుకుంది. మిట్టమధ్యాహ్నం, పెద్ద వసారాలో ముసలమ్మలంతా వరసగా. అందరివీ నెరిసిన తలలే, అందరివీ నేత చీరలే, అందరి మొహాల మీదా కొంగులే. వీరనాగమ్మ ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. వీళ్ళలో అది ఏది? తప్పు మనిషి నోట్లో పోస్తే ఒక నిండు ప్రాణం పోతుంది.

చెంబు పట్టుకుని ఒక్కొక్కళ్ళ పక్కన నిలబడింది. అప్పుడు ఒక సంగతి కనిపెట్టింది. జన్మంతా చాపలల్లిన చేతులు కదా, నిద్రలో కూడా ఆ వేళ్ళు ఊరుకోవు. ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి అన్నట్టు సన్నగా కదులుతాయి. ఒక్కో ముసలమ్మ వేళ్ళూ కదులుతున్నాయి. వసారా చివర ఒకర్తి చేతులు మాత్రం రాళ్ళలా పడున్నాయి.

వీరనాగమ్మ కళ్ళు మూసుకుని, దేవుడికో దణ్ణం పెట్టి, దాని కింద చాప ఒక్క లాగు లాగింది!

గండి దొర్లిపడి, కళ్ళు తెరిచి, ఇంత నోరు తెరిచి ఆవులించింది. ఆవులించే నోరు ఉమ్మలేదు కదా. చెంబంతా దాని గొంతులోకి ఒంపేసింది వీరనాగమ్మ. గండి కెవ్వున అరిచి, కూలబడి, మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఆ మూకకి కొత్త పిల్లలు పుట్టలేదు. ఉన్నవాళ్ళు వాడి రాలిపోయారు. పైడి లేచి గంజి తాగింది.

గండి లాంటిది ఇంకోటి ఎక్కడైనా పడుకుని ఉందా? ఏమోనే. ఉండొచ్చు. నీకు అబద్ధం చెప్పను. అందుకే ఆ ఊళ్ళో పట్టింపు మారింది. అందరూ పడుకున్నాక ఎవరో ఒకరు మేలుకుని, చాపల మధ్య తిరుగుతూ వేళ్ళు చూసేవాళ్ళు.

మన డాక్టరమ్మ ఇవాళ ఎక్కించింది కొత్త మందేనట. ఆవిడ చెప్పింది నాకు సగమే బుర్రకెక్కింది. పనిచేస్తుందా అంటే, చూడాలి అంది. నాకు భయమేనే అమ్మడూ. నీకు అది అమ్మ, నాకది కూతురు. ఇద్దరం భయపడదాం, ఏం పోయింది.

ఇలా రా. చప్పుడు చెయ్యకుండా తలుపు సందులోంచి చూడు. దుప్పటి మీద అమ్మ చెయ్యి కనబడుతోందా? వేళ్ళు చూడు. మూడు పాయలు తీసి, ఒకదాని మీద ఒకటి వేస్తోంది. నిద్రలో నీ జడ అల్లుతోందే, పిచ్చి తల్లి.

పద, పడుకో ఇంక.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి.
నిద్రంతా నీ వంతు,
కాపలా నా వంతు,
తెల్లారితే నీ జడ
మీ అమ్మ వంతు.