జీర్ణం కాని మండపం

ఒకానొక రాజ్యంలో, అది తుంగభద్రకు ఏ ఒడ్డున ఉండేదో మా చరిత్ర మాస్టారికి కూడా తెలియదు, త్రిభువనగండ సోమభూపాలుడనే రాజు ఉండేవాడు. మూడు లోకాల మాట దేవుడెరుగు, ఆయన రాజ్యాన్ని ఎద్దుబండి మీద పొద్దు గూకేలోగా దాటేయవచ్చు.

ఆ రాజ్యంలో పాత శివాలయం ఒకటి ఉంది. రాజుగారి పూర్వీకులెవరో కట్టించినది. దాని రంగమండపం చూడటానికి దూరదేశాల వాళ్ళు వచ్చేవారు. చూరు అంచున ఒకే రాతిలో తొలిచిన గొలుసు గాలికి ఊగేది. కప్పులో విచ్చుకున్న రాతి తామర. గర్భగుడి ఎదుట వరసగా ఏడు సన్నని స్తంభాలు. వేలి కణుపుతో తడితే ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలికేది. గుడికి వెళ్ళినవాడు ముందు తలెత్తి పైకి చూడాలిరా అనేవారు మా మాస్టారు. ఇప్పుడు నాకు మెడ లేవదు, ఆయనా లేరు. సరే, కథలోకి వద్దాం.

సోమభూపాలుడు పైకీ చూడలేదు, పక్కకీ చూడలేదు. వాకిట్లో నిలబడి, "మా పేరు ఎక్కడుంది?" అని అడిగాడు.

ఎక్కడా లేదు. అందుకని మండపాన్ని పడగొట్టి, ఆ రాళ్ళతో తన పేర గాలిగోపురం ఎత్తించాలని నిశ్చయించాడు. ఆ పనికి జీర్ణోద్ధరణ అని పేరు పెట్టాడు. శిథిలమైన గుడిని బాగుచేయించడాన్ని అలా అంటారు. ఆ మండపంలో చిన్న రాయి కూడా కదల్లేదు. "వద్దు ప్రభూ" అన్న ఆలయాధికారిని మాత్రం ఆ సాయంత్రమే పొలిమేర దాటించారు.

పని మొదలైన రోజు ఆస్థానమంతా తరలివచ్చింది. రాజుగారి విదూషకుడు ఓబళయ్య కూడా వచ్చాడు. ఆయన పుట్టి పెరిగింది ఆ గుడి వీధిలోనే. ఏడుస్తుంటే తల్లి ఆ స్తంభాలు మీటి ఊరుకోబెట్టేదట. పొద్దున్నే పనివాళ్ళు తాళ్ళు కట్టి ఆరో స్తంభాన్ని లాగారు. అది ముక్కలైంది. ఎప్పుడూ నోరు మూతపడని ఓబళయ్యకు ఆ వేళ మాట రాలేదు. భయం వేసింది, అంతే.

మధ్యాహ్నం రాజుగారికి మండపంలోనే భోజనం. పులిహోర, గారెలు, పరమాన్నం. సుష్ఠుగా తిని, ఏడో స్తంభానికి చేరగిలబడి పొట్ట నిమురుకుంటున్నాడు. ఓబళయ్య మెల్లగా పక్కకు చేరి, "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అన్నాడు.

"చంటిపిల్లలకు పాలు పట్టి తల్లులు అనే మాట మాకెందుకయ్యా?" అన్నాడు రాజు.

"గుక్కెడు పాలకే అంటారు ప్రభూ. తమరు మండపాన్నే మింగబోతున్నారు. అరగాలి కదా."



"మింగడం కాదు, జీర్ణోద్ధరణ," అన్నాడు రాజు గొంతు పెంచి. "ఇది జీర్ణమైపోయింది. మేం ఉద్ధరిస్తున్నాం."

"తమరి మాటకు తిరుగేముంది? కాకపోతే, ఇల్వలుడి సంగతి తమకు తెలియనిది కాదు."

తెలియనివాళ్ళ కోసం నేను చెబుతాను. ఇల్వలుడనే రాక్షసుడు తమ్ముడు వాతాపిని పొట్టేలుగా మార్చి, వండి అతిథులకు పెట్టేవాడు. తిన్నాక "వాతాపీ, రా" అని పిలిస్తే వాడు పలికి, వాళ్ళ పొట్ట చీల్చుకుని వచ్చేవాడు. అగస్త్యుడు మాత్రం తిని, పొట్ట నిమురుకుని, "జీర్ణం" అన్నాడు. ఇక అన్న ఎంత పిలిచినా తమ్ముడు పలకలేదు.

"కనక ప్రభూ," అన్నాడు ఓబళయ్య, "జీర్ణమైనది పిలిస్తే పలకదు. పలికిందంటే జీర్ణం కానట్టే. తమరే ఒకసారి పిలిచి చూడండి."

"స్తంభాన్నా?"

"తమరు ఆనుకున్నదాన్నే."

రాజు పక్కకు తిరిగి ఉంగరం వేలితో తట్టాడు. ఏడో స్వరం, నిషాదం పలికింది. తీగ మీటినట్టు సన్నగా సాగి, కప్పులోని తామర దాకా వెళ్ళింది.

"పలికింది ప్రభూ. అరగనిదాన్ని మింగితే కడుపుకు మంచిది కాదు."

రాజు పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వాడు. "నీ ఇల్లు బంగారం కానూ! తాళ్ళు విప్పమనండి," అని తన కంకణం తీసి ఓబళయ్య చేతికి తొడిగాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. రాజుకు సరదా పుట్టింది. లేచి మొదటి స్తంభం నుంచి తట్టుకుంటూ వచ్చాడు. స, రి, గ, మ, ప. ఆరో చోట చెయ్యి గాలిలో తేలింది. కింద పడున్న ముక్కల వంక అప్పుడు చూశాడు.

"ఓబళయ్యా, దీనికి కూడా ఏదో ఒక మాట చెప్పవయ్యా. నవ్వుతాం."

"నిలబడి ఉన్నవాటికి ఒక మాట అడ్డం వేయగలిగాను ప్రభూ. అదీ పొద్దున రావలసింది మధ్యాహ్నం వచ్చింది. పడినదానికి నా దగ్గర మాట లేదు."

ఓబళయ్య వంగి, కంకణం ఉన్న చేత్తో ఒక ముక్కను తట్టాడు. మామూలు రాయి చప్పుడే వచ్చింది.