ఎవరి చేయీ పడని పిస్తోలు

ఈ సంఘటనను నేను కళ్లారా చూశానా, లేక పేర్రాజుగారి నోట పలుమార్లు విని చూసినట్టు భ్రమపడుతున్నానా అన్నది ఇప్పుడు నిశ్చయంగా చెప్పలేను. ఆ పిస్తోలు పిడి వాల్‌నట్ కొయ్యదని నా జ్ఞాపకం. కాదు, చెర్రీ కొయ్యదని ఆయన అనేవారు. కొయ్య సంగతి ఆయనకే వదిలేస్తాను. మాటలు మాత్రం నాకు బాగా గుర్తున్నాయి.

నిడదవోలు పేర్రాజుగారు విశాఖపట్నంలో చాలాకాలం లోహశాస్త్రం బోధించి, ఆ తరువాత పెన్సిల్వేనియాలో స్థిరపడ్డారు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న రోజుల్లో అక్కడ తయారైన చెకుముకి పిస్తోళ్లను సేకరించడం, శిథిలమైనవాటిని బాగుచేయడం ఆయన వ్యాపకం. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. చేతిలోని ఆకురాయి పక్కన పెట్టి, "చూద్దాం" అనేవారు.

ఆయన దగ్గర కొన్నేళ్లుగా పని నేర్చుకుంటున్న శిష్యురాలు ఒకనాడు అడిగింది: "మాస్టారూ, నా పని ఎవరి కంటికీ కనబడకపోవడమే కదా నా పనితనం. అలాంటప్పుడు దాన్ని చూసుకుని గర్వపడితే తప్పా?"

ఆ ప్రశ్నకు కారణం బల్ల మీదే ఉంది. ఒక పాత పిస్తోలు. చెకుముకి రాయికి బదులు మందు కూరిన చిన్న రాగి టోపీతో పేల్చే పద్ధతి వచ్చిన కాలంలో ఎవరో యజమాని దానికున్న చెకుముకి కొక్కెం, అంటే రాయిని కరచి పట్టుకునే భాగం, తీసి పారేశాడు. ఆమె మళ్లీ పాత తీరు కొక్కెం చేసింది. ఇనుము కాచి, సాగగొట్టి, ఆకురాయితో తీర్చి, పాత ఇనుము ఛాయ వచ్చేదాకా మగ్గబెట్టింది. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడం గురువుకే కష్టమైంది.

"చూద్దాం" అన్నారు పేర్రాజుగారు.

ఆ వారమే కోగంటి సాంబశివుడుగారు వచ్చారు. ఆయనా ఇలాంటివి సేకరించేవారే. నకిలీలను పట్టుకోవడంలో దిట్ట. ఆ సంగతి పదిమందికీ తానే చెప్పుకునే మనిషి. త్వరలో జరగబోయే ప్రదర్శనలో "ఎవరి చేయీ పడనివి" అని, అంటే తయారైననాటి నుంచి మరమ్మతు ఎరుగనివాటికి, ఒక అర ఏర్పాటు చేస్తూ, దానికి తగిన సరుకు వెతుకుతున్నారు. భూతద్దం పెట్టి ఆ పిస్తోలును తిప్పి తిప్పి చూశారు.

"ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచావయ్యా పేర్రాజూ? పెళ్లికూతుర్ని దాచినట్టు దాచావే. నా అరలో నడిమధ్యన పెడతాను."

శిష్యురాలి ముఖం వెలిగింది. తను నోరు మెదపకపోతే చాలు. ఆమె చేతిపని రెండున్నర శతాబ్దాల నాటి సత్యమై కూర్చుంటుంది. అంతకు మించిన గెలుపు ఆమెకు తెలియదు.

"అమ్మాయ్, మరలు విప్పి లోపల కూడా చూపించు" అన్నారు పేర్రాజుగారు.

విప్పింది. లోపలా జాడ లేదు. అక్కడ కూడా ఆమె అంతే శ్రద్ధ పెట్టింది. సాంబశివుడుగారు భూతద్దం కింద పెట్టి, ఆ కొక్కెం వైపు చూస్తూ రెండు చేతులూ జోడించారు.

"ఎవడో గాని మహానుభావుడు. ఏ మట్టిలో కలిసిపోయాడో."

ఆ నమస్కారం ఆమె భుజం పక్కనుంచి, ఎన్నడూ పుట్టని ఒక మనిషికి వెళ్లిపోయింది. ఆమె కొంతసేపు ఆ జోడించిన చేతులనే చూసింది. గురువుగారు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

"ఆ దండం ఇటు పెట్టండి బాబాయిగారూ," అంది ఆమె. "ఆ కొక్కెం నేను చేసింది."

సాంబశివుడుగారి చేతులు అలాగే ఉండిపోయాయి. "నా కళ్లే కప్పావా తల్లీ? పదిమందిలో నన్ను నవ్వులపాలు చేసేదానివి."

"ఇంకాసేపు ఊరుకుని ఉంటే అదే జరిగేది."

ఆయన మళ్లీ భూతద్దం తీసుకుని అతుకు కోసం వెతికారు. దొరకలేదు. "నా అరకు ఇది పనికిరాదు," అన్నారు చివరికి. "చేతులంటావా, ఎలాగూ జోడించాను. వెనక్కి తీసుకోను."

శిష్యురాలు తల వంచలేదు. సన్నని ఉలి అందుకుని, కొక్కెం లోపలి వైపున తన పేరు చెక్కడం మొదలుపెట్టింది. పైపైన గీసి ఆగి, "ఇంత చాలా మాస్టారూ?" అని అడిగింది.

పేర్రాజుగారు వంగి చూశారు.

"లోతుగా చెక్కు" అన్నారు.

ఆమె మొదట అడిగిన ప్రశ్నకు ఆయన వేరే జవాబు చెప్పినట్టు నాకు తెలియదు.

ఆమె పేరు నేను కావాలనే చెప్పలేదు. తెలుసుకోదలచినవారు ఆ పిస్తోలు మరలు విప్పి చూసుకోవాలి.