గొంతులో తుమ్మెద రెక్కలు

ఒకప్పుడు మనుషులకి గొంతు ఉండేది గానీ, అందులోంచి మోత వచ్చేది కాదు. ఎంత పెద్ద మాటైనా గుసగుసే! ఉప్పు కావాలన్నా పక్కింటికి వెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టి అడగాలి. తిట్టుకోవాలన్నా అంతే, ఒకరి చెవి ఒకరు పట్టుకుని మరీ తిట్టుకోవాలి. సగం కోపం అక్కడే చల్లారిపోయేది. ఆ రోజుల్లో తుమ్మెదకి ఆరు రెక్కలుండేవి.

ఒక ఏటి ఒడ్డున నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, పోలి. ఎండాకాలం ఏరు ఎండిపోతే నడుమ ఇసుకదిబ్బ మీద పుచ్చపాదులు వేసుకునేవాళ్ళు. కలుపు తియ్యడం పోలి పని.

ఒకరోజు పొద్దున్నే నూకాలు ఖాళీ కుండ చంకన పెట్టుకుని గట్టెక్కి చూసింది. పైన కొండల్లో వాన పడిందో ఏమో, ఎర్రటి వరద దొర్లుకుంటూ వచ్చేస్తోంది! పోలి మాత్రం దిబ్బ మీద అటు తిరిగి కూర్చుని కలుపు పీకుతోంది.

నూకాలు కొంగు ఊపింది. వీపుకి కళ్ళుంటాయా? పోనీ పరిగెత్తుదామంటే, ఆవిడకన్నా ముందు నీళ్ళే చేరతాయి.

"గాలీ, నీకు దణ్ణం పెడతాను. నా మాట నా పిల్లకి చేర్చవే!" అని గుసగుసలాడింది.

"మొయ్యనంటానా తల్లీ! నీ మాట నాలుగడుగులు పోయేసరికి పొడిపొడిగా రాలిపోతోంది. కాస్త గట్టిది ఇవ్వు, మోస్తాను" అంది గాలి.

అప్పుడే చంకలో కుండ 'జుమ్మ్' అంది. లోపల ఒక తుమ్మెద చిక్కుకుని గింజుకుంటోంది. అంత చిన్న పురుగుకి ఇంత పెద్ద మోతా! నూకాలు కుండ మూతి మీద చెయ్యి పెట్టింది. మోత 'ఊ' అంది. చెయ్యి తీసింది. 'ఆ' అంది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మోత నీ రెక్కలది. పెంచేది కుండ బొజ్జ, మార్చేది కుండ మూతి. నాకూ నోరుందిగా, అదే కుండ! లేనిదల్లా రెక్కలే. తుమ్మెదా, రెండు ఇయ్యవూ?"

"భలేదానివే! ఆరు రెక్కలతో మబ్బుల దాకా ఎగురుతాను నేను. రెండు పోతే పూల దాకానేగా?"

నూకాలు కుండ వంచి తుమ్మెదని బయటికి వదిలేసింది. "నిన్ను బలవంతపెట్టను. అడుగుతున్నానంతే. అదిగో, అది నా పిల్ల."

తుమ్మెద పిల్లని చూసింది. వరదని చూసింది.

"గొంతు మండిపోతుంది. ఓర్చుకోగలవా?"

"మండితే మండనీ!"

"అయితే విను. ఊపిరి నువ్వే ఊదాలి. పాములా 'స్స్' అన్నావో, నా రెక్కలు భయంతో ముడుచుకుంటాయి" అని రెండు రెక్కలు రాల్చింది.

నూకాలు గుటుక్కున మింగింది. గొంతు భగ్గుమంది. మొదటిసారి ఊదితే దగ్గొచ్చింది. రెండోసారి కీచుమంది. ఏడుపొచ్చింది ఆవిడకి. అయినా ఊరుకుంటుందా? కాళ్ళు తన్నిపెట్టి నిలబడి, నోరు కుండ మూతంత తెరిచి, ఉన్న ఊపిరంతా ఊదింది.

"ఓ... పోలీ..."

ఆ పిలుపుని గాలి భుజానెత్తుకుని పరుగుతీసింది. పోలి పుట్టి బుద్ధెరిగి మనిషి నోట అంత మోత వినలేదు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అమ్మని చూసింది, వరదని చూసింది, కొడవలి పారేసి లగెత్తింది. అది గట్టెక్కడమూ, దిబ్బంతా మునిగిపోవడమూ ఒక్కసారే జరిగాయి. కాయలన్నీ కొట్టుకుపోయాయి. పోతే పోనీ!

పోలి అమ్మని కరుచుకుని, ఆవిడ గొంతు మీద వేలు పెట్టింది. "అమ్మా, ఇక్కడేదో కొట్టుకుంటోందే!" అని గుసగుసలాడింది.

"నీ కోసం అడిగి తెచ్చుకున్నానే" అంది నూకాలు. ఆవిడ గొంతు ఇంకా వణుకుతూనే ఉంది.

ఈ కబురు విని మిగతా తుమ్మెదలూ మనుషులకి తలా రెండు రెక్కలిచ్చాయి.

అప్పటినుంచే తుమ్మెదకి నాలుగే రెక్కలు. అప్పటినుంచే మనం 'స్స్' అంటే గొంతులో రెక్కలు ముడుచుకుని ఊరుకుంటాయి. గొంతు మీద వేలు పెట్టి 'అమ్మా' అని చూడండి, జుమ్మని లేస్తాయి.