బానలోంచి తీసిన బట్ట

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనం ఉంటున్న చోట నీలిమందు అద్దకాలు లేవు, వాటి గురించి చెప్పే పెద్దవాళ్ళూ లేరు. అందుకని నేనే చెబుతున్నాను. సొంతంగా ఏదైనా కలిపేస్తానేమోనని భయం. విన్నంతవరకే చెబుతాను.

ఓబులేసు లతీఫ్ సాయిబు వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

లతీఫ్ సాయిబు ఫకీరు. బట్టలకు నీలిరంగు వేసి బతికేవాడు. ఆయన దగ్గర చేరినవాళ్ళు పగలు రంగుపని, సాయంత్రం దైవచింతన నేర్చుకునేవాళ్ళు. ఓబులేసు చిన్నప్పుడే వచ్చి, మీసాలు వచ్చేదాకా అక్కడే పెరిగాడు. అంతకు ముందు ఏడు పట్నంలో ఒక పెద్ద రంగుల కార్ఖానా వాళ్ళు మేస్త్రీగా రమ్మన్నారు. వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "ఇక్కడే ఉంటే చేతులకి నీలం తప్ప ఏమీ మిగలదు ఉస్తాద్" అన్నాడు.

తీరా చూస్తే అక్కడ మేస్త్రీ పనంటే రంగులో చెయ్యి పెట్టడం కాదు, పెట్టేవాళ్ళ మీద అరవడం. రోజంతా అరిచేవాడు. పడుకుంటే తన గొంతే చెవుల్లో మోగేది. చివరికి మానేశాడు. ఇప్పుడు ఈ గడప కాదంటే అతనికి ఇంకో గడప లేదు.

పెద్ద శిష్యుడు మౌలాలి అతన్ని చూశాడు.

"ఓహో, మేస్త్రీ గారే! దారి తప్పారా? కుర్చీ వేయించమంటారా?"

"ఎగతాళి చెయ్యకు అన్నా. ఉస్తాద్ ఉన్నారా?"

"ఉన్నారు. చేతులకి నీలం తప్ప ఏమీ మిగల్లేదు పాపం."

పెరట్లో, భూమిలో పాతిన రంగుబాన పక్కన సాయిబు గొంతుక్కూచుని ఉన్నాడు. ఓబులేసు ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిపోయింది ఉస్తాద్. ఆ కార్ఖానావాళ్ళు మనుషులే కారు. ఆ యజమాని ఉన్నాడే..."

సాయిబు చెయ్యి ఎత్తాడు. "బాన దగ్గర ఒకరి చెడ్డ మాట్లాడం. మర్చిపోయావా?"

చెడు మాట వింటే రంగు విరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. ఓబులేసు నోరు మూసుకున్నాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ అవే. అవి పోతే చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు.

"అయితే శిక్షైనా వెయ్యండి. ఊడుస్తాను, నీళ్ళు మోస్తాను. రంగు ముట్టుకోను."

"అలా కుదరదు ఉస్తాద్" అన్నాడు మౌలాలి. "ఎందుకు పోయాడో, ఎందుకొచ్చాడో అందరి ముందూ చెప్పాలి. రేపు నేనూ ఇలాగే పోయి వస్తే ఊరుకుంటారా?"

సాయిబు బానలోంచి ఒక బట్ట తీసి, పిండి, ఒక కొస ఓబులేసు చేతికిచ్చాడు. ఇద్దరూ దాన్ని చాచి పట్టుకున్నారు.

బానలోంచి తీసినప్పుడు బట్ట నీలంగా ఉండదు పిల్లలూ, ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలితేనే నీలం తిరుగుతుంది. ముగ్గురి కళ్ళ ముందూ ఆ పచ్చదనం అంచుల నుంచి లోపలికి మెల్లగా మారుతూ పోయింది.

"ఎట్లా ఉంది?" అన్నాడు సాయిబు.

"లేతగా ఉంది ఉస్తాద్. ఇంకా పట్టాలి."

"అయితే?"

ఓబులేసు ఆలోచించలేదు. బట్టను మడిచి, బుడగలు రాకుండా మెల్లగా బానలోకి దించాడు. చేతులు మోచేతుల దాకా మునిగాయి.

సాయిబు మౌలాలి వైపు తిరిగాడు.

"ఇంతసేపూ బయట ఏం చేశావని బాన ఆ బట్టని అడిగిందా?"

మౌలాలి బానలోకి చూశాడు. తర్వాత కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.

"చేతులు పైకి మడుచుకోరా" అన్నాడు. "మేస్త్రీ చొక్కా, పాడైపోతుంది."

అంతే. మీకూ ఒకరోజు పిల్లలు పుడతారు, వాళ్ళు ఇంకా దూరంలో పెరుగుతారేమో. వాళ్ళకి ఈ కథ చెప్పండి. సాయిబు మాటకి అర్థం మాత్రం విప్పి చెప్పకండి. నాకూ నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.